ఆరేళ్లు దాటినవాళ్లకి మాత్రమేనట!

మొన్న జనవరిలో మనవరాల్ని బెజవాడ పుస్తకాల పండక్కి తీసుకెళ్లాను. ఇంట్లో అలాగే చెప్పుకుంటున్నాను గానీ ఆ జనంలో ఎవరి చెయ్యి ఎవరు పట్టుకుని నడిపించారో మీరు ఊహించుకోగలరు. పూర్వం స్వరాజ్య మైదానంలో పెట్టేవారు. ఇప్పుడక్కడ అంబేడ్కర్ విగ్రహం వెలిసింది, పండగ ఇంకోచోటికి తరలిపోయింది. దుమ్ము మాత్రం మారలేదు. ఆ కొత్తచోట మొత్తం మీద నాకు తెలిసిన మొహం అదొక్కటే.

ఒక కొట్లో పిల్ల ఎమ్మెస్ సుబ్బులక్ష్మి మీద బొమ్మల పుస్తకం తీసింది. తంబూరా, ముక్కుపుడక, నీలం పట్టుచీర, అన్నీ బాగానే వేశారు. వెనకట్ట తిప్పితే గుండ్రటి గీతలో 'వయసు 6 ఆపైన' అని ఉంది. కొట్టబ్బాయిని అడిగాను, "నాకు డెబ్బై ఎనిమిది, నేను చదవొచ్చా బాబూ?" అని. వాడు నవ్వనైనా నవ్వకుండా "పెద్దవాళ్లవి ఆ చివర సార్" అన్నాడు.

మా రోజుల్లో పుస్తకానికి వయసేమిటిరా నాయనా! చందమామ 1947లో పుట్టింది, నేనూ ఆ ఏడే పుట్టాను. ఇద్దరిలో ఎక్కువ మంది ఎదురుచూసింది దానికోసమే అనుకోండి, అది వేరే సంగతి. మా ఇంటికొచ్చేది ఒక్కటే కాపీ. ముందు నాన్న, తరవాత అక్క, ఆ తరవాత నేను. సాయంత్రం అరుగు మీద బామ్మకి ఎవరో ఒకరు పైకి చదవాలి. భేతాళుడి దగ్గరికొచ్చేసరికి ఆవిడ జపమాల ఆగిపోయేది. ఆఖర్న చంటి తమ్ముడు అట్ట నమిలేవాడు. అన్ని వయసులవాళ్లకీ పుస్తకమంటే అదీ. ఇప్పుడు మూడేళ్లకొకటి, ఆరేళ్లకొకటి, పదేళ్లకొకటి. చొక్కాలు కొలిచినట్టు కథలు కొలుస్తున్నారు.

ఆడేవాళ్ల మీదా పాడేవాళ్ల మీదా పుస్తకాలు మాకూ లేకపోలేదు. టూరింగు టాకీసు గేటు దగ్గర అణాకొకటి అమ్మేవారు. పాటల పుస్తకం! ఊదితే ఎగిరిపోయే కాగితం, చేతికంటుకునే సిరా. ముందు తారాగణం, తరవాత కథ. కథానాయిక సరిగ్గా కష్టాల్లో పడే చోట ఆపేసి మిగతాది వెండితెర మీద చూసుకోమనేవారు. మా అక్క అలాంటివి నలభై దాకా పోగేసి, దబ్బనంతో బొత్తి కుట్టి, ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచింది. సావిత్రిది చిర్రావూరు, జమున పెరిగింది దుగ్గిరాల, కాంచనమాలది తెనాలి. అంతా మా చుట్టుపక్కలవాళ్లే, పిలిస్తే పలికేంత దూరం. వాళ్ల గురించి అచ్చులో మాకు దొరికింది మాత్రం ఆ తారాగణంలో ఒక్కో పేరు. మిగతా జీవితచరిత్ర అంతా మంగలి కొట్టు బెంచీ మీద నడిచేది. వారానికో అధ్యాయం, ప్రతి అధ్యాయమూ అబద్ధం.

ఇప్పుడు చూడండి. సావిత్రి బతుకంతా 2018లో సినిమాగా వచ్చేసింది. పుస్తకాలూ ఉన్నాయి. ఆవిడ ఎక్కడ నవ్విందో ఎక్కడ ఏడ్చిందో నా మనవరాలికి కూడా తెలుసు. ఇంత తెలిశాక అభిమానం ఎక్కడ నిలుస్తుందర్రా అని ఒకసారి గొణిగాను. "తెలిశాకే ఎక్కువైంది తాతా" అంది. పిల్లలతో వాదన పెట్టుకోకూడదు.

అసలు రంగస్థలం మీద ఆడవేషం గురించి నేను చదివిన మొదటి పుస్తకం రాసింది మగాడు. స్థానం నరసింహారావుగారి 'నటస్థానం'. నవ్వకండి. సత్యభామగా ఆయన నడిచి వస్తుంటే చూడటానికి మా నాన్న బండి కట్టుకుని వెళ్లేవాడట. కొంగు ఎలా సర్దుకోవాలో ఆయన్ని చూసి ఆడవాళ్లు నేర్చుకున్నారని నాన్న చెప్పేవాడు, అమ్మ మాత్రం మూతి తిప్పేది. కూచిపూడిలోనూ అంతేగా. వేదాంతం సత్యనారాయణశర్మగారు జడ వేస్తే ఊళ్లో అసలు జడలు వెలవెలబోయేవి. ఆ కళ ఇప్పుడెవరికుంది? అమ్మాయిల వేషం అమ్మాయిలే వేసేస్తున్నారు! ఇందులో తప్పేముందని అడక్కండి, నా దగ్గర జవాబు లేదు.

అన్నట్టు సురభి వాళ్లు ముందునుంచీ ఆ దారే పట్టారు. 1885లో కడప జిల్లాలో మొదలైన సమాజం, ఇంటిల్లిపాదీ నటులే, ఆడవేషాలు వాళ్లింటి ఆడవాళ్లవే. నా తొమ్మిదో ఏట మా ఊళ్లో డేరా వేశారు. టిక్కెట్టు కొనకుండా చూద్దామని డేరా అంచు ఎత్తి దూరితే నేరుగా తెర వెనక తేలాను. అక్కడ ఒకావిడ, మొహం నిండా అర్దళం, నెత్తిన కిరీటం, ఒళ్లో చంటిపిల్లకి పాలిస్తోంది. బయట హార్మోనియం ఎత్తుకుంది. ఆవిడ పిల్లని పక్కనున్న ముసలావిడ చేతుల్లో పెట్టి, రవిక సర్దుకుని, రెండంగల్లో తెర దాటింది. ఇవతల పిల్ల ఏడుపు, అవతల ఆవిడ పద్యం, రెండూ ఒకే శ్రుతిలో ఉన్నట్టు నాకు అనిపించింది. వెళ్తూ వెళ్తూ నన్ను చూసి వేలు పెదవి మీద పెట్టింది. డెబ్బై ఏళ్లు కావస్తోంది, ఆ వేలు ఇప్పటికీ కళ్లకి కడుతుంది. ఆవిడ పేరేమిటో మాత్రం తెలీదు. అప్పుడెవరూ రాయలేదు, నేనూ అడగలేదు. బొమ్మల పుస్తకం ఒకటి ఉండి ఉంటే... సరే, పోనివ్వండి.

భానుమతిగారు ఎవరో రాస్తారని కూర్చోలేదు. 1953లోనే 'చండీరాణి' మూడు భాషల్లో తీసి డైరెక్టరు కుర్చీలో కూర్చున్న మనిషి, కలం పట్టడానికి ఎవరి అనుమతి కావాలి? 'అత్తగారి కథలు' చదువుతూ మా అమ్మ పొయ్యి మీద పప్పు మాడ్చేది. మాడు పప్పు తిన్నందుకు ఆ కథల మీద నాకు కొంత హక్కుంది. ఆవిడ ఆత్మకథ 'నాలో నేను'కి సినిమా పుస్తకాల్లో జాతీయ బహుమతి కూడా వచ్చింది.

ఇంక మా గ్రంథాలయం సంగతి చెప్పకపోతే ఈ సణుగుడు పూర్తికాదు. అందులో ఒక బీరువాకి ఎప్పుడూ తాళం ఉండేది, తాళంచెవి పంతులుగారి జంధ్యానికి వేలాడేది. లోపల 'రాధికాసాంత్వనం' ఉందని మాకు వేగు. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువు వేశ్య ముద్దుపళని రాసిన శృంగార ప్రబంధం. దాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. మరుసటేడే అశ్లీలమని సర్కారు పట్టుకుంది, టంగుటూరి ప్రకాశంగారు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా వచ్చేదాకా నిషేధం పోలేదు. పదిహేనేళ్ల కుర్రాళ్లకి ఇంతకంటే సిఫారసేం కావాలి? ఒక మధ్యాహ్నం పంతులుగారు కునుకు తీస్తుంటే, నేనూ నా స్నేహితుడూ ఊపిరి బిగబట్టి ఆ జంధ్యం మెల్లగా లాగి బీరువా తెరిచాం. తెరిచి ఏం లాభం! పద్యాలు. ఒక్కో మాటకీ శబ్దరత్నాకరం తిరగెయ్యాలి. రాధ అలక తీరేలోపే పంతులుగారికి మెలకువ వచ్చేసింది. మాకు అర్థమైంది నాగరత్నమ్మ రాసిన పీఠిక ఒక్కటే, అది వచనం గనక. ఇంత మంచి కావ్యం రాసింది ఒక ఆడది, అందులోనూ తన కులంలో పుట్టింది, అందుకే వేస్తున్నానంటుంది. వీరేశలింగంగారంతటి ఆయన తప్పుపడితే, నీతి ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా అని నిలదీసింది కూడా. అశ్లీలం వెతుక్కోబోయి చీవాట్లు తిని వచ్చాం.

ఆ నాగరత్నమ్మే తిరువయ్యారులో తన సొమ్ముతో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది. ఆరాధనలో ఆడవాళ్లని పాడనివ్వకపోతే, ఆడవాళ్లందర్నీ కూడగట్టి తనే ఆరాధన జరిపించింది. ఇదంతా నేను తెలుసుకుంది మా కోడలి అల్మరాలో ఉన్న వి. శ్రీరామ్ ఇంగ్లీషు పుస్తకంలో. తెలుగు కావ్యం కోసం పోరాడిన మనిషి కథ ఇంగ్లీషులో, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. నా రాతలో నిఘంటువు లేనిదే నాగరత్నమ్మ లేదు కాబోలు.

కోడలు ఆ కథ పిల్లకి చెప్పింది. ఇప్పుడు మా ఇంట్లో రోజూ నాటకం. మనవరాలు నాగరత్నమ్మ. మెడలో వాళ్లమ్మ గొలుసులన్నీ. నాది పోలీసు వేషం. దివాను మీద పేర్చిన పుస్తకాలన్నీ జప్తు చెయ్యాలి. మా రోజుల్లో పిల్లలు గోలీలాడుకునేవాళ్లు, తాతల్ని పోలీసుల్ని చెయ్యలేదు.

నిన్న కూడా చేతికర్ర తాటించుకుంటూ వెళ్లి, కట్ట ఎత్తి చంకలో పెట్టుకుని నా పడక్కుర్చీలో కూలబడ్డాను. పై పుస్తకం ఎమ్మెస్‌ది. తంబూరా బొమ్మ దగ్గర కళ్లజోడు సవరించుకున్నాను.

"తాతా, నీ వేషం అయిపోయింది. పుస్తకాలు ఇచ్చెయ్యి."

ఈ పేజీ అయ్యాక ఇస్తానన్నాను.