లింకు మేస్టారు

గొలుగొండ వైపు ఏ హైస్కూలుకెళ్లినా స్టాఫ్‌రూములో ఒక లింకు మేస్టారు తగులుతారు. పోల్చుకోవడం తేలిక. పొద్దున్నే తక్కిన మేస్టర్లంతా ఫోన్లు మొహాలకెత్తి యాప్‌లో హాజరు పడిందా లేదా అని తంటాలు పడుతుంటే, ఈయన తొమ్మిదో తరగతి గ్రూపులో ఓ లింకు పడేసి, తాపీగా టీ గ్లాసందుకుంటారు. జేబులో సుద్దముక్క లేకపోవచ్చు గానీ ఛార్జరు మాత్రం ఉండితీరుతుంది.

ఆయన లెక్క ఆయనది. నోటుపుస్తకంలో ఒక్కడే రాస్తాడు. అదే గూగుల్ డాక్స్‌లో వందమంది ఒకేసారి రాయొచ్చు. "మనకున్నది నలభైమందే, ఇంకా అరవై ఖాళీ!" అని బాధపడతారు. 2006లో పుట్టిన ఆ సరుకుని తానే నర్సీపట్నం బస్సులోంచి దింపి తెచ్చినట్టు మాట్లాడతారు. కాదనడానికి మనకి నోరు రాదు, బడిలో నెట్టు పోయిందంటే ఆయన హాట్‌స్పాటే దిక్కు.

హెడ్మాస్టారికి ఇవేవీ గిట్టవు. "ఎన్ని వేషాలేసినా చివరికి ప్రింటు తీసి ఫైల్లో పెట్టాలి కదండీ" అంటారు. "రాజుగారు మిరపకాయ టపా పంపేవారట. ఇదీ అలాంటి టపాయేనండి" అంటారీయన.

రాజుగారి మాట ఊరికే రాలేదు. పిల్లలంతా కలిసి ఆ లింకులో రాయాల్సిన వ్యాసం అల్లూరి సీతారామరాజు మీదే. ఆయన సమాధి ఈ మండలంలోనే, కృష్ణదేవిపేటలో ఉంది. ప్రతి గుంటడికీ ఓ కథ తెలుసు. బడికి ఫోన్లు తేకూడదు కనక, నాన్నలు ఇల్లు చేరాక రాత్రి ఎనిమిదింటికి ముహూర్తం.

ఒకడు బాగానే మొదలెట్టాడు: 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. వెంటనే ఎవరో చింతపల్లిని వెనక్కి నెట్టి కృష్ణదేవిపేటని ముందు పెట్టారు. ఊరభిమానం! ఇంకొకరు 'రాజుగారు' చెరిపి 'కృష్ణగారు' అని పెట్టారు, 1974 సినిమా తాతతో కూర్చుని చూసిన పిల్లలై ఉంటారు. అది చెరిపి రామ్‌చరణ్. మళ్లీ కృష్ణ. టైపు చేయడం బద్ధకమై మైకు నొక్కిన ఒకడి పుణ్యమా అని రంపచోడవరం మన్యంలో "పిక్కల బస్తాలు ఎత్తించీసేరా?" అన్న ప్రశ్న కూడా వ్యాసంలో పడింది. జీడిపిక్కల రోజులు మరి.

ఓ తండ్రి పొద్దున్నే గేటు దగ్గర పట్టుకున్నాడు. "మా గుంటడు పదకొండైనా ఫోనొగ్గడం లేదు మేస్టారూ. ఏటంటే రాజుగారి పాఠమంటన్నాడు." లింకు మేస్టారు పొంగిపోయారు.

తరగతిలో పెద్ద తెర వెలిగింది. "వెర్షన్ హిస్టరీ ఉందర్రా, ఎవడు ఏ నిమిషాన ఏ ముక్క చెరిపాడో తేలిపోద్ది" అన్నారు. తెరిచారు. అందరూ అజ్ఞాతలే! లింకు పట్టుకుని ఎవరైనా రావచ్చని ఆయనే తలుపు బార్లా తీశారు. అలా వచ్చినవాళ్ల పేర్లు గూగుల్ చెప్పదు, తలొక జంతువు పేరు తగిలిస్తుంది. ఆ జంతువుల్ని రాత్రి కనిపెట్టినంత సేపూ మేస్టారు ఒక కాగితమ్మీద రాసుకున్నారు. అవును, కాగితమ్మీదే.

"నక్క ఎవర్రా?"

"నానండి. మా అయ్య ఫోను."

"గబ్బిలం?"

రెండు చేతులు లేచాయి.

"గేదె?"

చప్పుడు లేదు. గేదె చేసిన పని చిన్నది కాదు. పిక్కల బస్తాలు దింపేసింది, హీరోలిద్దర్నీ పంపేసింది, చింతపల్లిని దాని చోట పెట్టింది, 'పట్టుకుపోయారు' తీసేసి 'స్వాధీనపరచుకొనిరి' అంది. చివర 'కావున గమనించగలరు' అని ముగించింది.

"ఇంత తెలుగు మీలో ఎవడికొచ్చురా?"

పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. చివరి బెంచీలోంచి ఎన్నడూ నోరెత్తని పిల్ల లేచింది. "సర్క్యులర్లలో రోజూ ఇనీదేనండి."

వరండాలో వెళ్తున్న హెడ్మాస్టారు గుమ్మం దగ్గర ఆగారు.

"ఆ 'గమనించగలరు' తరవాత చుక్క పెట్టడం మర్చిపోయానండీ. లింకు ఇంకోసారి పంపండి."