లిమిటెడ్ దొరగారు

కాలిఫోర్నియా సంపన్నుల పేటల్లో ఆదివారం పొద్దున్నే కార్ల పిచ్చివాళ్లంతా కాఫీకి చేరతారు. అక్కడికి తన కారులో తాను రాని మనిషి కనిపిస్తే ఆయనే లిమిటెడ్ దొరగారు. ఆయన ముందు పికప్ ట్రక్కులో వస్తారు, కారు వెనకాల మూసిన ట్రెయిలర్‌లో వస్తుంది. దాన్ని దింపించి, లేని దుమ్మును మెత్తటి గుడ్డతో తుడిచి, పక్కన నిలబడతారు. "ఎంత స్పీడు వెళ్తుందండీ?" అని ఎవరైనా అడిగితే ఆయన మొహం మాడిపోతుంది. అడగాల్సింది అది కాదు, "ఎన్నోదండీ?" అని అడగాలి. అప్పుడు తలుపు తెరిచి, డాష్‌బోర్డు మీది చిన్న రేకునీ దానిమీది నంబరునీ చూపిస్తారు.

కారు పేరు పోర్షె 911 ఆర్. 2016లో వచ్చింది, చేసినవి 991 మాత్రమే. 500 హార్స్‌పవర్, చేత్తో మార్చే ఆరు గేర్లు, మెగ్నీషియం పైకప్పు, 1,370 కిలోల బరువు. కొండదారుల్లో మలుపులు తిప్పుతూ ఆనందించేవాడి కోసం చేసిన బండి. బరువు తగ్గించాలని వెనక సీట్లు తీసేశారు. ఏసీ, రేడియో అడిగితేనే పెట్టారు. తలుపు లోపలి పిడి స్థానంలో గుడ్డ పట్టీ వచ్చింది. సామాను తగ్గింది, ధర పెరిగింది. దొరగారు ఆ పట్టీని రెండు వేళ్లతో లాగి, "దీనివల్ల ఎంత బరువు ఆదా అయిందో తెలుసా?" అంటారు. ఆయన పొట్ట వైపు చూడకుండా వినడం మన మర్యాద.

ఈ కారుకి డబ్బొక్కటే చాలదు, యోగ్యత కావాలి. కొన్ని షోరూముల్లో ఇలాంటి బండి కావాలంటే, "ఇదివరకు మా దగ్గర ఏమేం కొన్నారు సార్?" అని మెత్తగా అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోవడానికే దొరగారి భార్యకి ఒక పోర్షె మకాన్, కూతురికి ఇంకో మకాన్ వచ్చాయి. అత్తగారికి కయెన్ వచ్చింది. ఆవిడకి డ్రైవింగ్ రాదు.

అంత కష్టపడి తెచ్చుకున్న కారు మీద 2017లో పిడుగు పడింది. అదే కంపెనీ జీటీ3 టూరింగ్ తెచ్చింది. 500 హార్స్‌పవరే, చేతి గేర్లే, వెనక పెద్ద రెక్క కూడా లేదు. సంఖ్యకి మాత్రం పరిమితి పెట్టలేదు. అప్పటిదాకా పాత కార్ల బజారులో ఆకాశంలో ఉన్న 911 ఆర్ ధర కిందికి దిగింది. కారులో ఒక్క నట్టు మారలేదు, ఇంజను అంతే హుషారుగా ఉంది, అయినా దొరగారు వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

అలిగి వెళ్లిపోయారనుకుంటున్నారా? 2023లో 911 ఎస్/టీ వచ్చింది. 911 పుట్టిన సంవత్సరానికి గుర్తుగా 1,963 కార్లు. దాని ధరకి అమెరికాలో రెండు మామూలు 911 కరెరాలు కొనుక్కున్నా చిల్లర మిగిలేది. పైగా అక్కడ కొని వెంటనే లాభానికి అమ్మేసుకోకుండా మొదటి ఏడాది లీజుకి మాత్రమే ఇచ్చారు. దొరగారు ఆ కాగితాల మీద పెళ్లిపుస్తకంలో కూడా పెట్టనంత ముచ్చటగా సంతకం పెట్టారు. ఫోర్డ్ జీటీ విషయంలో ఇంతకన్నా కటువు. రెండేళ్లు అమ్మకూడదన్న షరతు మీరి అమ్మేశాడని, మల్లయోధుడు, నటుడు జాన్ సీనా మీద 2017లో కంపెనీ దావా వేసింది. వ్యవహారం మరుసటి ఏడు రాజీతో ముగిసింది. సీనా కండలు చూసి కూడా జంకలేదంటే, కొనేవాడంటే కంపెనీకి ఎంత చనువో!

చనువెందుకుండదు? అడిగేవాళ్లకన్నా ఒక కారు తక్కువ చేయాలన్నది ఎంజో ఫెరారీ పేరు మీద చలామణీ అయ్యే సూత్రం. మామూలు మోడల్ కొనేవాడు బేరమాడతాడు, ఈఎంఐ లెక్కలేస్తాడు, నచ్చకపోతే పక్క షోరూముకి పోతాడు. దొరగారు కొత్త కారు మీది ముసుగు తీయకముందే చెక్కు రాసిస్తారు. నిజానికి 1990ల మొదట్లో మునిగిపోయే స్థితిలో ఉన్న పోర్షెని గట్టెక్కించిన వాటిలో 1996 నాటి బాక్స్‌స్టర్ ముఖ్యమైనది. కాస్త చేయి చాస్తే అందే కారు. అలాంటిది, 2024లో ఐరోపా సమాఖ్య కొత్త సైబర్ భద్రత నిబంధనలు అమలుకి రాగానే అక్కడ పెట్రోలు బాక్స్‌స్టర్, కేమన్‌ల మామూలు రకాల అమ్మకం ఆగింది. కొద్ది సంఖ్యలో చేసే బళ్లకి మినహాయింపు ఉంది కాబట్టి ఖరీదైన ఆర్ఎస్ రకాలు మాత్రం నిలిచాయి. చట్టం కూడా దొరగారి బంధువే అన్నమాట.

ఆమధ్య దొరగారు పికప్‌కి డీజిల్ పోయించడానికి ఒక బంకు దగ్గర ఆగారు. పక్క పంపు దగ్గర ఒక కుర్రాడు పాత బాక్స్‌స్టర్‌లో పెట్రోలు పోసుకుంటున్నాడు. బంపర్ నిండా పురుగులు, చక్రాలకి బురద. కొండల్లో తిరిగి వస్తున్నట్టున్నాడు, జుట్టు కూడా అదే చెబుతోంది. దొరగారికి జాలేసింది.

"ఇలాంటివి ఎన్ని చేశారు బాబూ?"

"లక్ష పైనే అండీ."

దొరగారు రెండడుగులు వెనక్కి వేశారు.

"అయ్యో, మరి నీది ఎన్నోదో నీకెలా తెలుస్తుంది?"