సర్వర్ ఆపే హక్కు షావుకారుకీ వద్దు

విజయవాడ వన్ టౌన్‌లో వస్త్రలత నుంచి శివాలయం వీధి దాకా హోల్‌సేల్ కొట్ల సర్వర్ల మీద ఒక కాగితం కనిపిస్తుంటుంది: 'ఆఫ్ చేయరాదు'. నా మొదటి సలహా, ఆ కాగితం చింపేయండి. అది ఉందన్న ధైర్యంతోనే మిగతా ఏర్పాట్లన్నీ గాలికొదిలేస్తున్నాం.

చేతికి చదువు రాదు, అలవాటొక్కటే వచ్చు. సాయంత్రం గుమాస్తా తన టేబుల్ దగ్గర్నుంచే రిమోట్ డెస్క్‌టాప్‌లో సర్వర్‌లోకి వెళ్లి పని ముగిస్తున్నాడు. ఇంటికెళ్లే తొందర. ఆల్ట్ ఎఫ్4 కొట్టి టాలీ మూశాడు, మళ్లీ కొట్టి ఎక్సెల్ మూశాడు. మూడోసారి కొట్టేసరికి మూయడానికి ఏమీ మిగల్లేదు, షట్‌డౌన్ పెట్టె తెరుచుకుంది. ఎంటర్ కొట్టేశాడు. వేరేవాళ్లు ఇంకా వాడుతున్నారని విండోస్ హెచ్చరించినా అదే ఊపులో సరే అనేస్తాడు. మేడ మీద బిల్లులు కొడుతున్నవాళ్ల స్క్రీన్లన్నీ ఒక్కసారే పోతాయి. అది పదో తారీకైతే మర్నాడే జీఎస్‌టీఆర్-1 గడువు. టాలీ డేటా దెబ్బతింటే రీరైట్ చేయాలి, దానికీ లొంగకపోతే చివరి బ్యాకప్ తర్వాత కొట్టిన బిల్లులన్నీ మళ్లీ కొట్టాలి.

అందుకు ఆ కుర్రాణ్ణి తిట్టడం అన్యాయం. విండోస్ సర్వర్‌లో మామూలు యూజర్‌కు ఆపే హక్కు మొదట్నుంచీ ఉండదు. పని తేలికవుతుందని అందరికీ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ పంచిపెట్టింది మనమే. ఎవరి యూజర్ పేరు వాళ్లకి ఇవ్వండి. లోకల్ సెక్యూరిటీ పాలసీలో 'షట్ డౌన్ ద సిస్టమ్' జాబితా నుంచి అడ్మినిస్ట్రేటర్ల పేరు కూడా తీయించండి. ఆపాల్సిన రోజున మళ్లీ చేర్చుకోవాలి. కాస్త చాకిరీయే, కానీ ఆ చాకిరీలోనే ఆలోచన వస్తుంది.

ఐబీఎం 4341 కంప్యూటర్ ఎర్ర స్విచ్చుని ఒక ప్రోగ్రామర్ కూతురు మాలీ ఒకే రోజు రెండుసార్లు నొక్కేసిందని చెబుతారు. పసిపిల్లకి జాగ్రత్తలు చెబుతూ కూర్చోలేదు, స్విచ్చు మీద మూత బిగించారు. ఆ పేరుతోనే డెబియన్ లినక్స్‌లో మాలీ-గార్డ్ అనే ప్రోగ్రాం ఉంది. దూరం నుంచి లాగిన్ అయి ఆపబోతే ముందు ఆ యంత్రం పేరు టైప్ చేయమంటుంది. తప్పు పేరు కొడితే ఆపదు.

సర్వర్ కేసు ముందున్న పవర్ బటన్ సంగతి. విండోస్‌లో దానికి 'డూ నథింగ్' పెడితే చాలదు, నాలుగైదు సెకన్లు నొక్కిపడితే మామూలుగా ఏ సెట్టింగునీ లెక్కచేయకుండా ఆగిపోతుంది. ఆ వైరు మదర్‌బోర్డు నుంచి పీకించేయండి. కరెంటు రాగానే తనంతట తాను లేచేలా బయోస్‌లో పెట్టించండి. మెయిన్ స్విచ్‌కి మాత్రం ఏ అడ్డూ పెట్టొద్దు, నీళ్లొస్తే కరెంటు తీసేయాల్సింది దాంతోనే. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత దాని విలువ మన ఊళ్లో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక షావుకారుగారూ, అసలు భయం మీతోనే. కొట్టు కట్టేటప్పుడు కరెంటు దండగని ఆపేసేది మీరే. అకౌంటెంటు సగం బిల్లు కొట్టి రిమోట్ డెస్క్‌టాప్ విండో మూసి టీకి వెళ్తే, సెషన్ 'డిస్‌కనెక్టెడ్' అని నడుస్తూనే ఉంటుంది. కుర్చీ ఖాళీగా ఉందని మీరు ఎవరూ లేరనుకుంటారు. టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్ చూస్తే తెలిసేది. అందుకే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ రెండు ముక్కలు చేయండి, సగం మీ దగ్గర, సగం అకౌంటెంటు దగ్గర. అప్‌డేట్లకు రీస్టార్ట్ చేయాలన్నా సెలవు రోజున ఇద్దరూ కలిసి కూర్చోవాల్సిందే. యూపీఎస్ యూఎస్‌బీ కేబుల్ సర్వర్‌కి తగిలించి, బ్యాటరీ అడుగంటినప్పుడు పద్ధతిగా ఆపే పని దానికి అప్పగించండి. ఒంటరిగా ఆపే హక్కు దానికొక్కదానికే.

ఈ రాత్రి కొట్టు కట్టేముందే అకౌంటెంటుని పిలిచి, తన సగం పాస్‌వర్డ్ తననే కొట్టమనండి. మీరు అటు తిరిగి నిలబడండి.