పైకి లేపిన బండి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మహీంద్రా థార్ 2020 అక్టోబరులో కొత్త రూపంతో బజారుకు వచ్చింది. నేలకూ బండి కిందిభాగానికీ మధ్య కంపెనీవారు 226 మిల్లీమీటర్ల జాగా ఇచ్చారు. కొన్నాళ్లకే ఆ జాగా చాలదనిపించడం, ఇంకో రెండంగుళాలు లేపి ఇస్తానని యాక్సెసరీల దుకాణంవాడు అభయమివ్వడం లోకంలో ఉన్నదే. ఆ రెండంగుళాల మీద పుట్టిన చాటువు ఇది. కవి కాలాదులు తెలియవు. గ్రీజును ప్రత్యేకంగా స్మరించాడు గనుక అనుభవజ్ఞుడని ఊహించవచ్చు.

ఆ.వె.
పైకి లేపి బండి పర్వతంబెక్కిన
షాఫ్టు కోణమెరుగు సాహసాంక!
బూటు చినిగి గ్రీజు బురదపాలైనచో
కంపెనీకి నీకు కలహమపుడు.

ప్రతిపదార్థం

సాహసాంక = సాహసమే గుర్తుగా గలవాడా! (ఆ గుర్తు బానెట్ మీది స్టిక్కరని కొందరు); బండి = వాహనమును; పైకి లేపి = స్పేసర్లు గాని పొడుగు స్ప్రింగులు గాని వేయించి; పర్వతంబు = కొండను (వంజంగి అని ఒక మతం, అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు అని మరొక మతం; రెండోదానికే ఉదాహరణలు ఎక్కువ); ఎక్కినన్ = ఎక్కినచో; షాఫ్టు = ఇంజను బలాన్ని చక్రానికి చేరవేసే కడ్డీ; కోణము = తాను వంగి తిరగవలసిన కోణాన్ని; ఎరుగున్ = తెలుసుకొనును (యజమాని అప్పటికి ఎరుగడని భావం); బూటు = కీలును కప్పిన రబ్బరు తొడుగు; చినిగి = చిరిగిపోయి; గ్రీజు = అందులోని నల్లని కందెన; బురదపాలైనచో = బురదలో కలిసినట్లయితే; అపుడు = అప్పుడు; కంపెనీకి, నీకు; కలహము = తగవు (అగును అని అధ్యాహారం. బిల్లు ఎవరు కట్టాలో కవి చెప్పలేదు; అదీ అధ్యాహారమే).

తాత్పర్యం

లిఫ్టు వేయించి కొండలెక్కేవాడా, నువ్వు కొన్న ఎత్తు షాఫ్టుకు వంపుగా ముడుతుంది. ఆ వంపుకు తొడుగు చిరిగితే, తప్పెవరిదన్న తగవు తప్పదు.

విశేషాలు

కోణము: పద్యానికి ప్రాణం ఈ మాటలో ఉంది. థార్ ముందు చక్రాలు దేనికది విడిగా ఆడే డబుల్ విష్‌బోన్ పద్ధతివి. లిఫ్టు వేస్తే చక్రాలు నేలమీదే ఉంటాయి; చాసిస్, దానికి బిగించిన ముందు డిఫరెన్షియల్ పైకి వెళతాయి. చక్రాన్నీ డిఫరెన్షియల్‌నూ కలిపే షాఫ్టు మునుపటికంటే వాలుగా నిలుస్తుంది. ఇలాంటి షాఫ్టుకు సాధారణంగా రెండు కీళ్లుంటాయి. చక్రం వైపుది ఆరు గుళ్ల కీలు, 1920ల్లో ఆల్ఫ్రెడ్ షెప్పా అనే ఇంజనీరు రూపొందించిన జాతిది. ఇంచుమించు 45 డిగ్రీల దాకా వంగి తిరగగలదు. డిఫరెన్షియల్ వైపుది అందులో సగం దగ్గరే ఆగిపోతుంది, పైగా షాఫ్టు లోపలికీ బయటికీ జరిగే కొద్దిపాటి కదలికను కూడా అదే భరించాలి. కంపెనీ లెక్కగట్టి మిగిల్చిన వెసులుబాటులో లిఫ్టు ముందే కొంత తినేస్తుంది. ఆపైన స్టీరింగు పూర్తిగా తిప్పి, ఒక చక్రం గోతిలో వేలాడుతుండగా యాక్సిలరేటరు తొక్కితే మిగిలింది కూడా అయిపోతుంది. దుకాణంవాడు అంగుళాల్లో అమ్ముతాడు, షాఫ్టు డిగ్రీల్లో చెల్లిస్తుంది.

బూటు: వంపు పెరిగితే ఈ తొడుగు మడతలు ఒకవైపు సాగి, రెండోవైపు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. చిరుగు మొదట గోరంతే. షాఫ్టు తిరిగే వేగానికి గ్రీజు అందులోంచి చిమ్ముతుంది; చక్రం లోపలి అంచు మీద, షాక్ అబ్జార్బరు మీద విసనకర్ర ఆకారంలో నల్లటి చారలు పడతాయి. పొగను చూసి నిప్పును ఊహించే తార్కికులు ఈ చారను చూసి చిరుగును ఊహించాలి. ఈ దశలో పట్టుకుంటే కొత్త బూటు, కొత్త గ్రీజుతో సరిపోతుంది. ఉపేక్షిస్తే లోపల చేరిన ఇసుక గుళ్లను గీరుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టక టకమని చప్పుడు మొదలవుతుంది. అప్పుడిక మార్చాల్సింది కీలునే.

షాఫ్టు: ఏకవచనమైనా వెనకవైపు ప్రొపెల్లర్ షాఫ్టును కూడా గ్రహించాలి. దాని క్రాస్ జాయింటుకు ఒక స్వభావం ఉంది: వంగి తిరిగేటప్పుడు అవతలి కొస వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. కోణం 10 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు అటూ ఇటూ ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలైతే 6 శాతం. అంటే వంపు రెట్టింపైతే కుదుపు నాలుగింతలు. రెండు కొసల కోణాలూ సమానంగా ఉంటే ఒకదాని దోషం మరొకటి దిద్దుతుంది. వెనక యాక్సిల్‌ను సరిచూడకుండా లేపితే ఆ సమానత్వం పోయి, హైవే మీద సీటు కింద వణుకుగా తెలుస్తుంది.

మరో మాట. వెనకది ఒకే దూలంగా ఉన్న యాక్సిల్ గనుక బండి ఎంత లేచినా మధ్యలోని డిఫరెన్షియల్ లేవదు. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగమే. నిన్న తగిలిన రాయి ఇవాళా అక్కడే తగులుతుంది.

పాఠాంతరం

అమెరికా ప్రతుల్లో ‘బండి’ స్థానంలో జీప్ రాంగ్లర్ జేకే కనిపిస్తుంది. దాని ముందు యాక్సిల్ కూడా దూలమే. ముందు ప్రొపెల్లర్ షాఫ్టుకు ట్రాన్స్‌ఫర్ కేసు వైపు మాత్రం క్రాస్ బదులు గుళ్ల కీలు పెట్టారు. మూడంగుళాలు, ఆపైన లేపిన జేకేల్లో ఆ బూటు చిరగడం అక్కడ అందరికీ తెలిసిన సంగతి. 2012లో వచ్చిన 3.6 లీటర్ల ఇంజనుతో సైలెన్సరు గొట్టం ఆ షాఫ్టుకు దగ్గరైంది. లేపితే రెండూ రాసుకుంటాయి. అందుకే లిఫ్టు ఖర్చులోనే కొత్త షాఫ్టు ఖర్చు కలిపి లెక్కవేయడం అక్కడి తెలివైనవారి ఆచారం.

ఆక్షేప సమాధానాలు

‘లిఫ్టు వేస్తే వారంటీ మొత్తం పోతుందా?’ అని ఆక్షేపం. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి భాగం ఉన్నంతమాత్రాన వారంటీ ఎగ్గొట్టకూడదు; ఆ భాగమే చేటు చేసిందని కంపెనీ చూపాలి. లిఫ్టు వేసినవాడి ఏసీ పాడైతే చేసివ్వాల్సిందే. షాఫ్టు పాడైతే మాత్రం చూపడం కంపెనీకి అంత కష్టం కాదు. మన దగ్గర తగవు వారంటీ పుస్తకంలోని మార్పుచేర్పుల షరతుతో మొదలవుతుంది, తెగకపోతే వినియోగదారుల కమిషను దాకా వెళుతుంది. దానికితోడు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది: తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషను పత్రం భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది.

‘రబ్బరే నాసిరకమేమో?’ అని మరో ఆక్షేపం. కావచ్చు. చిరుగు మడతల వెంబడి ఉంటే వంపు వల్ల, అడ్డదిడ్డంగా కోసుకుపోతే పుల్లో రాయో గుచ్చుకోవడం వల్ల అని మెకానిక్ చెబుతాడు. దేనికైనా లిఫ్టుకు ముందు తీసిన ఫొటోలు, సర్వీసు రికార్డు, ఫలానా భాగానికి వారంటీ ఉంటుందని డీలరు రాసిచ్చిన కాగితం సాక్ష్యం పలుకుతాయి. నోటిమాట శ్రుతి మాత్రమే, ప్రమాణం కాదు.

‘పరిహారం లేదా?’ అంటే ఉంది. డిఫరెన్షియల్‌ను కిందికి దించే బ్రాకెట్లు అమ్ముతారు. డబ్బిచ్చి ఎక్కించిన దాన్ని మళ్లీ డబ్బిచ్చి కొంత దించుకోవడం అన్నమాట.

అలంకారం

లేచింది బాడీ, విరిగింది షాఫ్టు. కారణం ఒకచోట, కార్యం మరోచోట గనుక అసంగతి. లిఫ్టు వల్ల వంపు, వంపు వల్ల చిరుగు, చిరుగు వల్ల ఇసుక, ఇసుక వల్ల అరుగుదల అని గొలుసుగా సాగడం వల్ల కారణమాల. కలహమంతా ఈ మాలను ఎక్కడినుంచి లెక్కపెట్టాలన్న దానిమీదే: కంపెనీ మొదటి పూసనుంచి లెక్కిస్తుంది, యజమాని చిరుగునుంచి.

ఛందస్సు

పద్యంలో ‘వారంటీ’ లేదేమని శిష్యులు అడుగుతారు. ఆటవెలది చివరి పాదంలో అన్నీ సూర్యగణాలే. అందులో రెండు గురువులు పక్కపక్కన నిలవవు. వారంటీలో మూడున్నాయి. లేపిన బండిలో అది ఇమడదని కవి ఛందస్సుతోనే ధ్వనింపజేశాడు.

ఫలశ్రుతి

లిఫ్టుకు ముందు దీన్ని చదివినవారు షాఫ్టు ఖర్చు కూడా కలిపి బేరమాడతారు. తరువాత చదివినవారు వంగి చక్రం లోపలి అంచు చూసుకుంటారు. చదవకుండానే కొండెక్కినవారు ముగ్గురిలోకీ ఎక్కువ నేర్చుకుంటారు. ఫీజు కూడా వారిదే ఎక్కువ.