ఎనిమిది రోజుల ఆసామి

బెర్లిన్‌లో కోకిల కూస్తుందో లేదో నేను గమనించలేదు గానీ, వసంతం వచ్చిందన్న కబురు మాత్రం ఏటా మా పై అంతస్తు వాక్యూమ్ క్లీనర్ చెబుతుంది. చెర్రీ పూలు, బర్చ్ చెట్ల పుప్పొడి, ఆ పుప్పొడికి ఊరంతా కలిసి తుమ్మే తుమ్ములు, అవన్నీ ఆ తర్వాతే.

పైన ఉండేది ఒక యూదు కుటుంబం. ఆయనది అమెరికా, ఆవిడది ఇజ్రాయెల్, ఆవిడ తాతలది బాగ్దాద్. ముగ్గురు పిల్లలు. మీదే ఊరని అడిగితే దగ్గర్లోని మెట్రో స్టేషన్ పేరు చెబుతారు. వాళ్ల కింద మేం, తెనాలి వాళ్లం. మా కింద ఎనభై దాటిన జర్మన్ పెద్దావిడ. ఆవిడకు చెవులు చక్కగా పనిచేస్తాయి. పైవాళ్ల చప్పుడు మా ఇంటిని దాటుకుని మరీ వినిపిస్తుంది.

పైవాళ్ల పంచాంగం మన పంచాంగానికి దగ్గరి చుట్టమే. చంద్రుణ్ణి బట్టి నెలలు, సూర్యుడు చెయ్యి జారిపోకుండా పంతొమ్మిదేళ్లకు ఏడు అధికమాసాలు. 2024లో మన ఉగాదీ, వాళ్ల నీసాను మాసం మొదటి రోజూ ఏప్రిల్ 9నే పడ్డాయి. 2025లో రెండూ మార్చి 30న, ఆదివారం. ఆ రోజే ఇక్కడి టర్కీ వాళ్లకు రంజాన్ పండుగ. ఆ తెల్లవారుజామునే జర్మనీ గడియారాలన్నీ గంట ముందుకు జరిగాయి. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉందేమో, "మన కొత్త సంవత్సరాన్ని గంట కోసేయడానికి వీళ్లెవర్రా" అని ఉగాది పచ్చడి గిన్నె పట్టుకుని నిలదీసింది.

అంతకు రెండు వారాల ముందు, మార్చి 14న, వాళ్లకు పూరిమ్, మనకు హోలీ. పూరిమ్‌కు పిల్లలు వేషాలు కడతారు. జర్మన్ల వేషాల పండుగ కార్నివాల్ ఆ నెల మొదట్లోనే అయిపోయింది. అందుకని రాణీగారి వేషంలో వాళ్ల పెద్దమ్మాయి, ఒళ్లంతా గులాలుతో మా అమ్మాయి మెట్రో ఎక్కితే, పెట్టెలో వాళ్లంతా గడువు దాటిన టికెట్లను చూసినట్టు చూశారు. ఒకాయన ఉండబట్టలేక అడిగాడు కూడా. ఇద్దరు ఆడపిల్లలూ రెండు పురాణాలు కలిపి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన తర్వాతి స్టేషన్‌లో దిగిపోయాడు. పరాయి దేశంలో పండుగంటే సగం వంట, మిగతా సగం సంజాయిషీ.

పూరిమ్ సరదా పండుగ. అసలు పరీక్ష నెల తర్వాత వచ్చే పస్కా. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు ఈ పేరు తెలిసిందే: మోషే తన జనాన్ని ఐగుప్తు నుంచి తీసుకుపోయేటప్పుడు పిండి పులిసేంత తీరిక లేకపోయింది. దాని జ్ఞాపకంగా ఎనిమిది రోజులు ఇంట్లో హమేత్స్ ఉండకూడదు. హమేత్స్ అంటే గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్, ఈ ఐదు ధాన్యాల్లో దేనితోనైనా చేసి పులిసినది. ఇజ్రాయెల్‌లో ఏడు రోజులే, పరదేశంలో ఎనిమిది. పరదేశంలో ఉన్నందుకు పన్నులాగా ఒక రోజు అదనం.

ఉండకూడదంటే గిన్నెలో ఉండకూడదని కాదు. సోఫా సందుల్లో, కోటు జేబుల్లో, పిల్లల బొమ్మ లారీలో కూడా తునక ఉండకూడదు. ముగ్గురు పిల్లలు సంవత్సరమంతా రొట్టె తిన్న ఇంట్లో ఇది పురావస్తు తవ్వకం. ఉద్యోగాలున్న మొగుడూ పెళ్లాలకు తవ్వకానికి దొరికేది ఆదివారం. జర్మనీలో ఆదివారం నాడు చప్పుడు చేయకూడదు. ఖాళీ సీసాలు డబ్బాలో వేసినా తప్పే. కింది పెద్దావిడ ఈ విషయం మా తలుపు తట్టి మాకు చెబుతుంది. పైకి ఎక్కే ఓపిక లేదట. మేం పైకి వెళ్లి చెబుతాం. వాళ్లు క్షమించమంటారు. ఆ మాట మేం కిందికి మోస్తాం.

ఈ భవనంలో ఇదంతా అర్థమైంది ఒక్క మా అమ్మకే. మొదటి రోజే పైకి వెళ్లి చూసొచ్చి, "మడి! అచ్చం మా అత్తగారి మడి" అని కళ్లు తుడుచుకుంది. పండుగకు వేరే గిన్నెలు, వేరే గరిటెలు, స్టవ్ మీద రేకు, అలమారలకు కాగితం. అమ్మకు జర్మన్ రాదు, పై ఇంటావిడకు తెలుగు రాదు. ఇద్దరూ మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నారు.

అక్కడే బియ్యం గొడవ బయటపడింది. బాగ్దాద్ యూదులు పస్కాలో అన్నం తింటారు, గోధుమ గింజ కలవలేదని మూడుసార్లు ఏరి చూసుకుని. పై ఇంటాయన పూర్వీకులు తూర్పు యూరప్ వాళ్లు. ఆ సంప్రదాయంలో బియ్యం, పప్పులు కూడా నిషిద్ధం. 2015లో అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ పండితుల సంఘం తినొచ్చని తీర్పిచ్చింది గానీ, న్యూజెర్సీలో ఉన్న వాళ్లమ్మగారి దగ్గర అప్పీలు ఇంకా పెండింగులో ఉందట. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాటలో బియ్యం పోసుకుని కూర్చుని, ఆవిడకు మూడుసార్లు ఏరి పెట్టింది. ఆయన గుమ్మంలో నిలబడి ఆ బియ్యాన్ని చూసిన చూపు నేను మరచిపోలేను. పరాయివాళ్ల కాపురంలో చిచ్చు పెట్టిన పాపం బియ్యానిదే, మాది కాదు.

అమ్మ అంతటితో ఆగలేదు. సాంబారు పంపుతానంది. నేను ఇంగువ డబ్బా వెనకవైపు అక్షరాలు చదివాను: గోధుమ పిండి. మనం బజారులో కొనే ఇంగువలో పిండి కూడా కలుపుతారని అమ్మకు తెలియదు. అదో పెద్ద దెబ్బ. "అయితే ఇన్నాళ్లూ ఏకాదశి ఉపవాసాల్లో నేను గోధుమలు తిన్నానా?" అంది. "పులిసింది వద్దంటే మరి నాలుగు గ్లాసుల ద్రాక్షసారా ఏమిటి?" అని ఎదురుదాడి చేసింది. పులియడం ధాన్యానికే తప్పు, ద్రాక్షకు కాదని చెబితే, "ఎక్కడైనా మగాళ్లకు కావలసింది శాస్త్రం ఒప్పుకుంటుంది" అని తేల్చేసింది. ఆ సారాలో ఆడవాళ్లకూ నాలుగు గ్లాసుల వాటా ఉందని తెలిశాక ఆ మతం మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

ఇక నా భాగం. పారేయలేనంత హమేత్స్ ఉంటే యూదుడు కానివాడికి అమ్మేయాలి. ఉత్తుత్తి అమ్మకం కాదు, కాగితం, అడ్వాన్సు, తాళం చెవి అన్నీ ఉంటాయి. పండుగయ్యాక కొన్నవాడు మిగతా సొమ్ము కట్టకపోతే సరుకు వెనక్కి పోతుంది. మామూలుగా రబ్బీయే ఊరందరి తరఫున అమ్ముతాడు. ఇజ్రాయెల్ ప్రభుత్వానికి చెందిన హమేత్స్‌ను చాలా ఏళ్లు అబూ గోష్ ఊరి అరబ్బు హోటల్ ఉద్యోగి ఒకాయన కొన్నాడు. పైవాళ్లు రబ్బీ రాసిచ్చిన కాగితంతో నా దగ్గరికే వచ్చారు. సెల్లారులో వాళ్ల గది, అందులో ఉన్నదంతా నాది. జాబితా చదివాను: పాస్తా, మైదా, ఓట్స్, సోయా సాస్, బీరు, రెండు విస్కీ సీసాలు, ఒక చాక్లెట్ కుందేలు.

"మనింటి పేరున విస్కీయా?" అంది అమ్మ. "ఒరేయ్, మీ నాన్నగారుంటే..." అని మొదలెట్టి, ఆయనుంటే ఏం చేసేవారో ఇద్దరికీ గుర్తొచ్చి ఊరుకుంది.

కుందేలు వాళ్ల చిన్నవాడిది. ఈస్టర్ సెలవులకు ముందు కిండర్‌గార్టెన్‌లో ఇచ్చారు. అందులో ఏం కలిసిందో ఎవరికీ తెలియదు కాబట్టి అనుమానితుడిగా సెల్లారుకు పంపారు.

గురువారం రాత్రి దీపాలార్పి, కొవ్వొత్తి, ఈక, చెక్క గరిటె పట్టుకుని ఇల్లంతా వెతికారు. వెతకడానికి ఏదో ఒకటి దొరకాలి కదా అని ముందే పది రొట్టె ముక్కలు దాచే ఆనవాయితీ ఉంది. దాచే పని పిల్లలకిచ్చారు. తొమ్మిదే దొరికాయి. పదోది ఎక్కడ దాచారో చెప్పమంటే ముగ్గురూ మూడు గదులు చూపించారు. రాత్రి పదకొండుకు వాక్యూమ్ క్లీనర్ మళ్లీ మోగింది. పెద్దావిడ మా తలుపు తట్టింది.

శనివారం రాత్రి సేదెర్ విందుకు మమ్మల్నీ పిలిచారు. ఆ విందులో ఇంటికి చిన్నవాడు నాలుగు ప్రశ్నలు అడగాలి, పెద్దలు ఐగుప్తు కథంతా చెప్పాలి. చీకటి పడ్డాకే మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో, అదీ గంట ముందుకు జరిపిన గడియారంతో, బెర్లిన్‌లో చీకటి పడేది ఎనిమిదిన్నర దాటాకే. పిల్లలు నిద్రపోకుండా రబ్బీ అకీవా వేయించిన గింజలూ అక్రోట్లూ పంచేవాడని తాల్ముద్‌లో ఉందట. అంటే రెండో శతాబ్దం నుంచీ ఇదే బాధ. వాళ్ల చిన్నవాడు రెండు ప్రశ్నలు అడిగి, మూడోదానికి నాన్న ఒళ్లో గురక పెట్టాడు. మిగతా రెండూ మా అమ్మాయి అడిగింది, తనవి మరో పది కలిపి.

అర్ధరాత్రి దగ్గర పడుతుండగా ఏలీయా ప్రవక్త కోసం తలుపు తీయాలి. తీశారు. ఎదురుగా కింది పెద్దావిడ, డ్రెస్సింగ్ గౌను మీద శాలువాతో. పాటలు ఆవిడకు స్పష్టంగా వినిపించాయి. ఆ రోజు పైకి ఎక్కే ఓపిక వచ్చింది. చిన్నవాడు లేచి చూసి, ప్రవక్త ఆడమనిషని ప్రకటించాడు. కుర్చీ వేశారు. భోజనానికి ముందు చేదు గుర్తుగా పెట్టిన ఘాటైన హార్స్‌రాడిష్ దుంప తురుము తిని మేమంతా కళ్లనీళ్లు పెట్టుకున్నాం గానీ, జర్మన్ వంటలో పుట్టి పెరిగిన ఆవిడ మిగిలింది రుచి చూసి మరో చెంచా వేయించుకుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూదులు ఉన్నారని నేను చెబితే ఎవరూ నమ్మలేదు గానీ, ఆవిడ నమ్మింది. మిరపకాయల ఊరికి దగ్గరేనని చెప్పాను మరి.

ఆ తర్వాతి రోజులన్నీ మత్సా. పిండి తడిపిన పద్దెనిమిది నిమిషాల్లోపు కాల్చేయాల్సిన అప్పడం లాంటి రొట్టె. అది విరిస్తే రాలే పొడి, నెలంతా ఊడ్చిన పొడికంటే ఎక్కువ. స్కూలు సెలవులు. పిల్లలు ఇంట్లోనే. చిన్నవాడు రోజూ పొద్దున్నే వచ్చి "నీ కుందేలు బాగుందా?" అని నన్ను పరామర్శించేవాడు. చట్టం వాడికి పెద్దక్క నేర్పింది: అంకుల్ తినొచ్చు, మనం తినకూడదు. ఆ మాట మా అమ్మాయి చెవిన పడింది.

పండుగ ఏప్రిల్ 20 రాత్రితో ముగిసింది. అది ఈస్టర్ ఆదివారం, మర్నాడు ఈస్టర్ సోమవారం. సూపర్‌మార్కెట్లు తెరిచేది మంగళవారమే. ఆ రాత్రి మా భవనంలో పాస్తా నిల్వలన్నీ నా పేరు మీదే ఉన్నాయి. పై ఇంటాయన తాళం చెవి కోసం వచ్చాడు, వెనకాల ముగ్గురు పిల్లలు. మా అమ్మ లోపల్నుంచి, "కొన్న ధరకే ఇచ్చేయకు, బజారు మూసుంది" అని కేకేసింది. నా అడ్వాన్సు తిరిగి తీసుకుని చెవి ఇచ్చేశాను. సరుకంతా భద్రంగా ఉంది. కుందేలుకు చెవులు లేవు.

మీ పైనో కిందో యూదు కుటుంబం ఉండి, పస్కా ముందు కాగితం పట్టుకుని వస్తే ధైర్యంగా సంతకం పెట్టండి. జాబితాలో చాక్లెట్ కుందేలు ఉంటే మాత్రం, మీ ఇంట్లో పిల్లలుంటే, ఆ ఒక్కటీ కొట్టేయించండి.