దేశోద్ధారకుడి తోటలో పొట్టోద్ధరణ

చెన్నై మైలాపూరులో, లజ్ దగ్గర, నాగేశ్వరరావు పార్కు ఉంది. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు పెట్టిన పార్కే. 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం పెట్టి, ఆ పసుపుపచ్చ మందు మీద వచ్చిన డబ్బుతో మద్రాసులో ఆంధ్రపత్రిక నడిపి, జనం చేత దేశోద్ధారకుడు అనిపించుకున్న మనిషి ఆయన. సంగీత కచేరీల్లో ఆ డబ్బాలు ఊరికే పంచిపెట్టించేవారని చెబుతారు. ఎక్కడ తలనొప్పి పుడుతుందో, మందు ఎక్కడ అలవాటు చెయ్యాలో బాగా తెలిసిన వ్యాపారి. పొద్దున అయిదున్నరకు ఆ పార్కు గేటు దగ్గర నిలబడి చూస్తే ఆయన ముందుచూపు మనం అనుకున్నదానికంటే పెద్దదని తేలుతుంది. నొప్పుల మందు అమ్మినాయన పేరున్న పార్కులో జనం గుంపులు గుంపులుగా వచ్చి మోకాళ్లు అరగదీసుకుంటున్నారు.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది నలభై అయిదుకీ అరవైకీ మధ్యవాళ్లు. ఆఫీసువాళ్లు చేయించిన మాస్టర్ హెల్త్ చెకప్ కాగితాల్లో రెండు మూడు అంకెల పక్కన నక్షత్రం గుర్తు పడింది. పుట్టిన నక్షత్రం చెయ్యలేని పని ఈ నక్షత్రం చేసింది. మర్నాటికల్లా బూట్లు వచ్చాయి, చేతికి గడియారం వచ్చింది, వాట్సాప్ గ్రూపు వచ్చింది. ఇక మిగిలింది పొట్ట పోవడమే. ఎవరిని కదిలించినా ఒకే మాట: "కార్డియో చేస్తే కరిగిపోతుందండీ." ఎంత కరిగింది అని అడక్కూడదు. నైవేద్యం పెట్టాక దేవుడు ఎంత తిన్నాడని ఎవరైనా తూకం వేస్తారా?

నాకు నడకతో తగాదా లేదు. పార్కుతో అసలే లేదు. ఈ ఊళ్లో ఫుట్‌పాత్ అనేది స్కూటర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు, పార్టీ జెండా స్తంభాలకు పోగా మిగిలితే మనుషులకు గనక, ఎవరూ హారన్ కొట్టకుండా నాలుగడుగులు వెయ్యగలిగే చోటు దొరకడమే అదృష్టం. నా తగాదా ఆ నడక మెడలో వేలాడదీసిన బోర్డుతో. 'ఇచ్చట పొట్టలు కరిగించబడును' అన్న బోర్డుతో.

పార్కు శాస్త్రంలో మొదటి సూత్రం ఇది: నలభై దాటగానే మెటబాలిజం పడిపోతుంది, అందుకే లావెక్కుతాం, కనక కార్డియోతో దాన్ని లేపాలి. వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. తప్పు మనది కాదు, క్యాలెండరుది. దురదృష్టవశాత్తూ 2021లో 'సైన్స్' పత్రికలో హెర్మన్ పాంట్జర్, ఆయన సహచరులు కలిసి ఒక పెద్ద లెక్క అచ్చువేశారు. ఎనిమిది రోజుల పసికందు మొదలు తొంభై అయిదేళ్ల వృద్ధుల దాకా, 29 దేశాల్లో, ఆరువేల నాలుగు వందల మందికి పైగా రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నారో కొలిచారు. శరీర పరిమాణానికి సరిచేసి చూస్తే, ఇరవై ఏళ్ల నుంచి అరవై ఏళ్ల దాకా ఆ ఖర్చు దాదాపు కదలకుండా ఉంది. అరవై దాటాకే మెల్లగా దిగడం మొదలుపెట్టింది. అంటే నలభై ఎనిమిదేళ్ల మనిషి మెటబాలిజం చెక్కుచెదరకుండా డ్యూటీలో ఉంది. సెలవు పెట్టింది వేరే ఎవరో.

ఈ పాంట్జర్ అంతకుముందే ఒక పిడుగు వేసి ఉన్నాడు. టాంజానియాలో హద్జా అని వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే తెగ ఉంది. వాళ్లు రోజూ నడిచే దూరానికి మన పార్కువాళ్లకు కళ్లు తిరుగుతాయి. అంత నడిచే మనిషి రోజుకు ఎన్ని క్యాలరీలు ఖర్చు చేస్తాడని 2012లో కొలిచి చూస్తే, ఒళ్లు కదలని అమెరికా ఉద్యోగికీ అతనికీ, శరీర పరిమాణం లెక్కలోకి తీసుకున్నాక, పెద్ద తేడా కనిపించలేదు. కాళ్లకు ఎక్కువ ఖర్చు పెట్టిన శరీరం ఇంకెక్కడో పొదుపు చేసుకుంటోందన్నది పాంట్జర్ వాదన. మార్వాడీ లెక్కల మీదే బతికే షావుకారుపేట ఉన్న ఊళ్లో ఈ విషయం ఇంకొకరు చెప్పాల్సిరావడం మనకు చిన్నతనం.

ఇక రెండో సూత్రం: ఎంత నడిస్తే అంత తినొచ్చు. దీన్ని ఎవరూ పైకి అనరు. పార్కు నుంచి బయటికొచ్చిన కాళ్లు చెబుతాయి. ఎనభై కిలోల పెద్దమనిషి నాలుగు కిలోమీటర్లు నడిస్తే, ఇంట్లో కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేశాక, మహా అయితే రెండు వందల క్యాలరీలు. మైలాపూరులో మెస్‌కు తక్కువా? రెండు ఇడ్లీలు, వాటి మీద నెయ్యీ పొడీ, సాంబారులో మునిగిన ఒక వడ, చివర డిగ్రీ కాఫీ. నాలుగు వందల పైమాటే. ఈ నడక రోజూ తప్పకుండా, శ్రద్ధగా సాగితే మనిషి ఏటికేడాది లావెక్కే అవకాశం పుష్కలంగా ఉంది. మార్గళి వస్తే, అదే మన ధనుర్మాసం, మరీ ప్రమాదం. తెల్లవారుజామున మాడవీధుల్లో భజనలు, గుళ్లో పొంగలి, సాయంత్రం సభ క్యాంటీన్లో ఆకువేసి టిఫిను. డిసెంబరులో మైలాపూరు కార్డియో చేసేది నాలుకతోనే.

మెస్‌కు పోని నియమపరులు కూడా ఉన్నారు. వాళ్ల కోసం పార్కు గేటు పక్కనే జ్యూసు బండి ఉంటుంది. అరటి దూట రసం, ఉసిరి రసం, కాకర రసం, ఇవన్నీ కాక అరుగంపుల్ రసం, అంటే మన గరికే. ముఖం చిట్లించుకుని ఆ పచ్చటి గ్లాసు ఎత్తేసిన వాళ్ల కళ్లలో మోక్షం కనిపిస్తుంది. యుగాల తరబడి గరికతోనే పూజలందుకుంటున్న దేవుడి పొట్ట అంగుళం తగ్గలేదన్న సంగతి వాళ్లకు గుర్తుచెయ్యబుద్ధి కాదు.

పదివేల అడుగుల కథ మీకు తెలిసే ఉంటుంది గాని, తెలిసినవాళ్లు కూడా రాత్రి పదకొండింటికి తొమ్మిదివేల ఏడువందల దగ్గర ఆగిపోయామని హాల్లో పచార్లు చేస్తున్నారు. టోక్యో ఒలింపిక్స్ 1964లో జరిగాయి. ఆ ఊపు చల్లారకుండా 1965లో యమాసా అనే జపాన్ గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకుని అడుగులు లెక్కపెట్టుకునే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చి, పదివేలన్న అంకెను దాని పేరులోనే ఇరికించింది. డాక్టర్లు తేల్చిన మోతాదు కాదది. సరుకు అమ్మే అంకె. 2019లో ఐ-మిన్ లీ బృందం వయసు మళ్లిన అమెరికా స్త్రీలను చూసినప్పుడు, రోజుకు నాలుగువేల నాలుగువందల అడుగుల దగ్గరే మరణాల రేటు బాగా తగ్గి కనిపించింది, ఏడున్నర వేల దగ్గర ఆ లాభం ఆగిపోయింది. మిగిలిన రెండున్నర వేలూ గడియారం కంపెనీకి దక్షిణ.

తమిళనాడు ప్రభుత్వం కూడా జపాన్‌ను చూసే ముచ్చటపడింది. 2023 నవంబరులో 'నడప్పోం నలం పెరువోం', అంటే నడుద్దాం ఆరోగ్యం పొందుదాం, అని జిల్లాకొకటి చొప్పున ఎనిమిది కిలోమీటర్ల నడకదారులు ఏర్పాటు చేసింది. చెన్నైది బీసెంట్ నగర్ బీచి దగ్గర. అప్పటి ఆరోగ్యమంత్రి మా. సుబ్రమణియన్ స్వయంగా మారథాన్లు పరుగెత్తే మనిషి గనక ఇది ఫోటోల కోసం చేసిన పని అనలేం. మంచిపనే. కాకపోతే బీసెంట్ నగర్లో ఎనిమిది కిలోమీటర్లు నడిచినవాణ్ణి ఎదురుగా బజ్జీల కొట్టు, దాని పక్కన ఐస్‌క్రీము పార్లరు, ఆపైన మురుగన్ ఇడ్లీ కొట్టు వరుసగా నిలబడి అభినందిస్తాయి.

నడక చాలని తెగించినవాళ్లు పరుగులోకి దిగుతారు. చెన్నైలో జనవరి అంటే సంక్రాంతి ఒక్కటే కాదు, మారథాన్ కూడా. నడివయసులో మనిషికి పూర్వం కాశీ మీద మనసు పోయేది, ఇప్పుడు నలభైరెండు కిలోమీటర్ల మీద పోతోంది. పోనివ్వండి. అయితే బరువు తగ్గడానికి పరుగెత్తేవాళ్లు ఒక్కసారి కాగితం మీద లెక్క వెయ్యాలి. కిలో బరువుకు, కిలోమీటరుకు, ఉజ్జాయింపుగా ఒక క్యాలరీ. డెబ్బై కిలోల మనిషి పూర్తి మారథాన్ పరుగెత్తితే మూడువేలకు కాస్త తక్కువ. కిలో కొవ్వులో ఉండేది దాదాపు ఏడువేల ఏడువందలు. అంటే నాలుగైదు గంటలు ఉప్పుగాలిలో పడి, గోళ్లు ఊడగొట్టుకుని, మెడలో పతకం వేసుకుని ఇంటికొచ్చిన మనిషి కరిగించిన కొవ్వు అరకిలో కూడా లేదు. పతకం బరువు కూడా అందులోంచి తీసెయ్యాలేమో.

జిమ్ములవాళ్లు ఇంకో మెట్టు పైనున్నారు. ట్రెడ్‌మిల్ మీద రంగుల పట్టీ అంటించి, ఇక్కడ గుండె కొట్టుకుంటే కొవ్వు కరుగుతుంది, అక్కడ కొట్టుకుంటే కరగదు అని గుండెకు ట్రాఫిక్ సిగ్నల్ పెట్టారు. మెల్లగా నడిస్తే ఖర్చయ్యేదాంట్లో కొవ్వు వాటా ఎక్కువన్నది నిజమే. మొత్తం ఖర్చే తక్కువన్న సంగతి ఆ పట్టీ మీద పట్టలేదు. ఆ పట్టీకి ఆధారమైన సూత్రం, రెండువందల ఇరవైలోంచి వయసు తీసెయ్యడం, 1970ల మొదట్లో ఇద్దరు ముగ్గురు అమెరికా పరిశోధకులు అప్పటికున్న అధ్యయనాలు ముందేసుకుని ఉజ్జాయింపుగా గీసిన గీత. ఏడాది చందా ముందే కట్టించుకునేవాడికి అంతకంటే కచ్చితమైన సూత్రం అక్కర్లేదు.

ఇంత తిట్టాక, నడక ఎందుకూ పనికిరాదా అని అడుగుతారు. జవాబు కోసం లండన్ దాకా వెళ్లాలి. లండన్‌లో డబుల్ డెక్కర్ బస్సులున్నాయి, ఒకప్పుడు మన మద్రాసులోనూ తిరిగినవే. 1953లో జెర్రీ మారిస్ అనే వైద్యుడు లండన్ బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూశాడు. ఒకే ఊరు, ఒకే కంపెనీ, ఒకే బస్సు. రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వ్యాయామానికీ గుండెకూ ఉన్న బంధం వైద్యలోకానికి గట్టిగా తెలిసింది అక్కడే. ఆయన అంతటితో ఊరుకోలేదు. 1956లో బస్సువాళ్ల యూనిఫారాల రికార్డులు తెప్పించి ప్యాంటు నడుము కొలతలు లెక్కపెట్టించాడు. డ్రైవర్ల నడుములు కండక్టర్ల నడుములకంటే పెద్దవే, ఉద్యోగంలో చేరిన కుర్రవాళ్లలో కూడా పెద్దవే. ఆ తరువాత తేలింది అసలు ముచ్చట. సన్నకండక్టరైనా, బొద్దుకండక్టరైనా, అదే నడుమున్న డ్రైవరుకంటే గుండెజబ్బు తక్కువగానే ఉంది.

చూశారా? దశాబ్దాల కిందటే ఒక దర్జీ టేపుతో తేలిపోయిన సంగతి ఇది. మెట్లు గుండెకు పనిచేశాయి, బెల్టుకు పనిచెయ్యవలసిన అవసరం లేకుండానే. మన పార్కువాళ్ల ఏడుపంతా గుండె ఖాతాలో నెలనెలా పడుతున్న జీతాన్ని పొట్ట పాసుబుక్కులో వెతుక్కోవడం. అక్కడ కనిపించకపోయేసరికి ఏప్రిల్ ఎండలు ముదిరే వేళకి ఉద్యోగమే మానేస్తారు. పొట్ట తగ్గలేదన్న కోపంతో, గుండెకు దొరుకుతున్నది కూడా పోగొట్టుకుంటారు. అబద్ధపు బోర్డు చేసే అసలు అన్యాయం ఇదే, తక్కినదంతా నవ్వుకోదగ్గదే.

పొట్ట సంగతి కంచం దగ్గర తేలాలి. చెన్నైలోనే ఉన్న మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు ఐసీఎంఆర్‌తో కలిసి దేశమంతా తిరిగి లెక్కతీస్తే, 2023 నాటి అచ్చులో షుగరు ఉన్నవాళ్లు పదికోట్ల పదిలక్షలని తేలింది. 2025లో మన తిండి లెక్క వచ్చింది: క్యాలరీల్లో అరవైరెండు శాతం పిండిపదార్థాల నుంచే. ఈ ముక్క పార్కులో అంటే అందరూ తలూపి, "అందుకేనండీ ఇంకో రెండు రౌండ్లు పెంచాను" అంటారు. అన్నం తగ్గించడం కంటే కాళ్లను పంపడం తేలిక. కాళ్లు ఎదురు చెప్పవు. పైగా ఇంటికొచ్చేసరికి వేడి టిఫిను బల్ల మీద పెట్టిన ఇల్లాలు పొద్దున్నుంచి పొయ్యికీ సింకుకీ మధ్య ఎన్ని అడుగులు వేసిందో ఏ గడియారమూ లెక్కపెట్టదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో వారానికి కనీసం నూటయాభై నిమిషాల నడకలాంటి శ్రమ చెయ్యమన్న వాక్యం పార్కులో అందరికీ కంఠోపాఠం. దాని వెంటే ఇంకో వాక్యం ఉంది: వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా చెయ్యమని. అక్కడికొచ్చేసరికి అందరికీ కళ్లజోడు కనపడదు. నడివయసులో మెల్లమెల్లగా జారిపోయేది కండ. దాన్ని కాపాడాలంటే బరువెత్తాలి, గుంజీలు తియ్యాలి. గుంజీలంటే బడిలో పడ్డ శిక్ష అనుకునే తరం ఇది. అందుకే ఏటా జనవరి ఒకటిన అన్నం తగ్గిస్తామనీ, గుంజీలు తీస్తామనీ తమ పొట్టతో తామే ఒడంబడిక రాసుకుంటారు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కూడా మన నాగేశ్వరరావు పంతులుగారి ఇంట్లోనే శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. అది ఎంతవరకు అమలైందో సీమవాళ్లను అడగండి, దీని గతి ఊహించుకోవచ్చు.

అయినా చెప్పి చూశాను. పొద్దున నాతో నడిచే గుంపులో పెద్దాయన ఒకరున్నారు, రిటైరైన బ్యాంకు మేనేజరు, అందరూ బాబాయిగారూ అంటారు. కండ, ప్రోటీను, గుంజీలు, అన్నీ ఓపిగ్గా విన్నారు. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరూ చెప్పలేదే అని నిజంగానే బాధపడ్డారు. గేటు దాకా ఏదో ఆలోచిస్తూ వచ్చి, వీధి మలుపులో నా భుజం మీద చెయ్యేశారు.

"ప్రోటీను పప్పులో ఉంటుందన్నావు కదా నాయనా. అయితే వడ సంగతేమిటి మరి?"