గోడ మీది ఎర్ర సిలిండర్‌ను

కొడకండ్ల దారిలో పత్తి బండ్లు ఆగే ఒక జిన్నింగ్ మిల్లులో, రోలర్లకు పది అడుగుల దూరాన, గోడకు వేలాడుతున్న నిప్పునార్పే సిలిండర్‌ను నేను. కడుపులో ఆరు కిలోల పొడి, దాన్ని బయటికి తోసే గాలి, మెడ దగ్గర చిన్న మీటరు. మీటరు ముల్లు పచ్చ గీతలో ఉంటే నాలో సత్తువ ఉన్నట్టు, ఎర్ర గీతలోకి జారితే లేనట్టు. నన్ను ఎక్కడ చేశారో, ఎంతకు కొన్నారో పెద్ద సంగతి కాదు. లైసెన్సు కాగితాల కోసం కొన్నారు, కాగితాలు వచ్చాయి. ఆ రోజుతో మిల్లు ఆపదకు సిద్ధమైందని అందరూ అనుకున్నారు. నాకు బాధ అక్కడే మొదలైంది. ఎందుకంటే నా ఒక్కదాని వల్ల ఎంతవుతుందో, ఎక్కడికి ఆగిపోతుందో నాకు తెలుసు.

పత్తితో కలిసివచ్చిన చిన్న రాయో, ఇనుప ముక్కో యంత్రంలో తగిలి రవ్వ లేస్తే చాలు, తేలే దూది నూగు అంటుకుంటుంది. పత్తిని లాగే గాలిగొట్టాలే నిప్పును షెడ్డు దాటిస్తాయి. నా పొడి కొద్ది సెకన్లలో అయిపోతుంది. అంతలో పైమంటను అణచగలను. అయితే 170 కిలోల బేలు లోపల కుములుతున్న నిప్పును నేను చేరలేను. దానికి నీళ్లు కావాలి, బేళ్లను ఎడంగా లాగే చేతులు కావాలి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ కలిసి ఉన్నాయి. మధ్యాహ్నం నిప్పు కనబడింది. ఎన్ని నీళ్లు కొట్టినా ఆరలేదు, నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. ఆ మంట ఆర్పబోయి చనిపోయిన సిబ్బంది గుర్తుగానే మన దేశంలో ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. నా దుమ్ము తుడిచేదీ ఆ వారంలోనే. అప్పటికి పత్తి సీజను అయిపోయి ఉంటుంది.

సీజనులో నా బతుకు వేరు. నా ముందు బోరాలు పేరుస్తారు. నా మెడకు ఎవరిదో అంగీ, నా మీటకు ఎవరిదో సద్దిగిన్నె సంచి వేలాడుతాయి. పిన్ను తుప్పు పట్టింది. నెలనెలా చూసి సంతకం పెట్టాల్సిన కార్డు మీద చివరి సంతకం మూడేళ్ల కిందటిది, సిరా కూడా వెలిసిపోయింది. దించి కదిలించేవాళ్లు లేక లోపలి పొడి అడుగున గట్టిపడుతోంది. హమాలీలను నేను తప్పుపట్టను. పిన్ను లాగాలని, మంట మొదట్లోకి గురిపెట్టాలని, బయటి దారి వీపు వెనక ఉండేలా నిలబడాలని వాళ్లకు చెప్పిందెవరు? కార్మికులందరికీ బయటపడే దారులు తెలిసి ఉండాలని, మంట లేచినప్పుడు ఏం చేయాలో శిక్షణ ఇచ్చి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షన్‌లోనే రాశారు. సిలిండర్ కొంటే ఆ బాధ్యత తీరదు.

దారి తెలిసినా అది తెరుచుకోవాలి కదా. మా షెడ్డు వెనక తలుపుకు తాళం వేసి ఉంటుంది, ఎందుకంటే దొంగల భయం అంటారు. పత్తి ధర తెలిసినదాన్ని, ఆ భయాన్ని కొట్టిపారేయను. కానీ 1911 మార్చి 25న న్యూయార్కులోని ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో తలుపుకు తాళం వేసి ఉంది, 146 మంది చనిపోయారు. లోపలి నుంచి నెడితే తెరుచుకుని, బయటి నుంచి తెరవరాని గడియలు బజారులో దొరుకుతాయి, దొంగా రాడు, మనిషీ చిక్కుకోడు. అంత దూరం ఎందుకు? 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోదాములో మేడ మీద నిద్రపోతున్న 11 మంది బిహారు కూలీలు చనిపోయారు, దిగే దారి మంటల గుండానే ఉంది. మరుసటి ఏడు మార్చి 16న అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో నిప్పంటుకుని ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. వరంగల్, మహబూబాబాద్ వైపు ఊళ్ల నుంచి కొలువుకు వెళ్లినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ ఇళ్లు ఇక్కడికి దూరం కాదు.

ఫైరింజను వస్తుంది కదా అనేవాళ్లున్నారు. వస్తుంది, కానీ రోడ్డు మీద రావాలి. దూదికి అంత ఓపిక లేదు. దీనికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: కూలీలు సీజనుకోసారి మారతారు, నేర్పడానికి పని ఆపితే పూట కూలి పోతుంది, బండ్లు బారులు తీరతాయి. ఇది నిజమే, పైగా కూలిడబ్బు పోగొట్టుకునేది పేదవాళ్లే. అందుకే నేను దసరా వైపు చూపిస్తాను. ఆయుధ పూజ రోజు యంత్రాలు ఎలాగూ ఆగి ఉంటాయి, సేఠు నుంచి ఊడ్చే అమ్మ దాకా అందరూ షెడ్డులోనే ఉంటారు, సీజను అప్పుడే మొదలవబోతుంది. కొబ్బరికాయ కొట్టాక అరగంట చాలు. ఒక పాత సిలిండర్ పిన్ను లాగి చూపించాలి, నీళ్ల బకెట్లు ఎక్కడున్నాయో, మెయిన్ స్విచ్ ఎక్కడుందో చెప్పాలి, వెనక తలుపు గుండా అందరూ ఒకసారి నడిచి బయటికి పోయి, చెట్టు కింద తలలు లెక్కపెట్టుకోవాలి. నడుమ చేరిన కూలీకి హాజరు పుస్తకంలో పేరు రాసేటప్పుడే మేస్త్రీ ఆ దారి చూపించొచ్చు. దానికి పట్టేది ఐదు నిమిషాలు.

ఏటా ఆ రోజు రోలర్లకు, ప్రెస్సుకు, కాంటాకు పసుపు కుంకుమ పెడుతూ నాకూ ఒక బొట్టు పెడతారు. ఆ వేలు నా మీటరుకు బెత్తెడు దూరంలో ఆగుతుంది. ఈసారి బొట్టు పెట్టేవాళ్లు ముల్లు వైపు ఒక్కసారి చూడాలని కోరుకుంటున్నాను. అది ఎర్ర గీతలోకి జారి రెండేళ్లయింది.